అర్చకస్వామి, ఇమాంసాహెబ్, పాస్టరుగారు: వారి సేవకు ప్రభుత్వ గుర్తింపు కోరే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా, గుడిలోనో మసీదులోనో చర్చిలోనో తన విధికి మించి ఊరికోసం పాటుపడిన మనిషి ఒకరు కనిపిస్తారు. పెన్నకు వరద వచ్చిన రాత్రి గుడి మండపంలో పొయ్యి వెలిగించిన అర్చకస్వామి, కరోనా రోజుల్లో అయినవాళ్ళే దగ్గరికి రావడానికి జంకిన దేహాలకు జనాజా నమాజు చదివి మట్టి ఇప్పించిన ఇమాంసాహెబ్, సునామీ తరువాత పట్టపుపాళెంలో, అంటే మత్స్యకారుల పల్లెలో, పిల్లలకు సాయంకాలం బడి నడిపిన పాస్టరుగారు, ఇలాంటివారు మనకు కొత్తకాదు. వీరికి ప్రభుత్వం నుంచి ఒక గుర్తింపు వస్తే బాగుండునని ఊరివాళ్ళు అనుకుంటూనే ఉంటారు. అయితే అనుకున్నవాళ్ళలో కాగితం ముందు కూర్చున్నవాళ్ళు తక్కువ, కూర్చున్నవాళ్ళలో పని తెలిసేటట్టు రాసినవాళ్ళు ఇంకా తక్కువ. నేను ఇప్పటికి మూడు నామినేషన్ల తయారీలో పాలుపంచుకున్నాను, వాటిలో మొదటిదాన్ని నేనే పాడుచేశాను. ఆ అనుభవం ఇంకొకరికి ఉపయోగపడాలన్న ఉద్దేశంతో ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. గౌరవ వేతనం వేరు, పురస్కారం వేరు. మన రాష్ట్రంలో ఆదాయం లేని చిన్న దేవాలయాలకు ధూపదీప నైవేద్య పథకం కింద నెలకు 10,000 రూపాయలు, ఇమాంలకు 10,000, మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్లకు 5,000, పాస్టర్లకు 5,000 రూపాయల చొప్పున ప్రభుత్వం నిర్ణయించిన సాయం ఉంది. అది జీవనాధారం కోసం ఇచ్చేది, అర్హత ఉన్న ప్రతివారూ సంబంధిత శాఖకు దరఖాస్తు చేసుకోవలసినది. పురస్కారం అలా కాదు. ఒక మనిషి చేసిన అసాధారణమైన పనిని ప్రభుత్వం పేరుపెట్టి గుర్తించడం అది. ఈ రెండింటినీ కలిపి ఒకే అర్జీలో రాస్తే, చదివే అధికారికి మనం ఏమి అడుగుతున్నామో అర్థం కాదు. ఇక్కడ నేను రాసేది పురస్కారం గురించి మాత్రమే.

పురస్కారాల్లో ఎక్కువమంది దృష్టి పద్మ పురస్కారాల మీద ఉంటుంది. ఇవి 1954లో ఏర్పడ్డాయి. పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అని మూడు శ్రేణులున్నాయి. మరణానంతర పురస్కారాలను, విదేశీయులకూ ప్రవాసులకూ ఇచ్చేవాటిని మినహాయిస్తే ఏడాదికి 120కి మించకూడదన్న పరిమితి ఉంది. డబ్బు రాదు, రాష్ట్రపతి సంతకంతో సన్నదు అనే యోగ్యతాపత్రం, ఒక పతకం ఇస్తారు. జాతి, వృత్తి, హోదా, స్త్రీపురుష భేదం లేకుండా ఎవరైనా అర్హులే గాని, డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప ప్రభుత్వోద్యోగంలో ఉన్నవారు పనికిరారు. కాబట్టి మీరు అనుకున్న వ్యక్తి మతసేవతోపాటు ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడిగా కూడా పనిచేస్తూ ఉంటే, ఉద్యోగ విరమణ వరకు ఆగవలసి ఉంటుంది.

మతగురువులకు ఈ పురస్కారాలు వస్తాయా అని సందేహించేవారికి ఉదాహరణలు చాలా ఉన్నాయి. మదర్ థెరిసాకు 1962లో పద్మశ్రీ వచ్చింది, అది సంఘసేవ విభాగంలో. తుమకూరులో వేలమంది పిల్లలకు ఉచితంగా అన్నమూ చదువూ ఇచ్చిన సిద్ధగంగ మఠాధిపతి శివకుమార స్వామికి 2015లో పద్మభూషణ్ వచ్చింది. మౌలానా వహీదుద్దీన్ ఖాన్‌కు 2021లో పద్మవిభూషణ్, చినజీయర్ స్వామికి 2023లో పద్మభూషణ్ ఇచ్చారు. ఈ చివరి రెండూ ఆధ్యాత్మికత పేరుతో ఇతర రంగాల కింద చేరాయి. నామినేషన్ రాసేవారు మొట్టమొదట తేల్చుకోవలసిన సంగతి ఇక్కడే ఉంది. మీ ఊరి గురువుగారి పేరు ఏ విభాగంలో నిలబడుతుంది? ఆయన గ్రంథాలు రాసి, లక్షలమందికి ప్రవచనాలు చెప్పినవారైతే ఆధ్యాత్మికత సరిపోతుంది. ఆయన పేరు నాలుగు మండలాలు దాటి తెలియకపోయినా ముప్పై ఏళ్ళుగా అనాథ పిల్లలను సాకుతున్నవారైతే సంఘసేవ విభాగమే సరైనది. మన పల్లెల్లో ఉన్నవారిలో ఎక్కువమంది ఈ రెండోకోవకే చెందుతారని నా అభిప్రాయం. భక్తులు మాత్రం ఆధ్యాత్మికత అనే మాట లేకపోతే గురువుగారిని తక్కువ చేసినట్టు భావించి అక్కడే పట్టుబడతారు. వారికి ఓపికగా నచ్చజెప్పాలి.

ప్రభుత్వం మతాన్ని గౌరవించడానికి కాదు, మనుషులకు జరిగిన మేలును గుర్తించడానికి ఈ పురస్కారం ఇస్తుంది. ఈ మాట మనసులో పెట్టుకుంటే తక్కిన పనంతా దారిలో పడుతుంది. దీనికి మన ప్రాంత చరిత్రలోనే ఒక చక్కని దృష్టాంతం ఉంది. 1876-78 మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌కు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చి బతికించాడు. కరువు సాయం జరుగుతున్నంతకాలం, తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి అందరూ చెప్పుకుంటారు. నామినేషన్ రాసేవారు నేర్చుకోవలసింది మాత్రం దానికి ముందు జరిగినదాని నుంచి. ఎన్ని మైళ్ళు, ఏ కాలువ, ఏ సంవత్సరం, కూలి తీసుకున్నది ఎవరు, సాయాన్నీ మత ప్రచారాన్నీ ఆయన ఎలా వేరుగా ఉంచాడు అన్న వివరాలు నిలిచి ఉండబట్టే, దాదాపు నూటయాభై ఏళ్ళ తరువాత కూడా ఆ పని మన కళ్ళకు కడుతున్నది.

నేను మొదట రాసిన నామినేషన్‌లో ఇవేవీ లేవు. ఒక ఇమాంసాహెబ్ గురించి రాస్తూ కరుణామూర్తి, నిస్వార్థ సేవాతత్పరుడు, సర్వమత సామరస్యానికి నిలువుటద్దం అని ఎనిమిది వందల మాటలు నింపాను. పంపించే ముందు ఆ కాగితాన్ని పదవీ విరమణ చేసిన ఒక తహసీల్దారుగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకొని రెండుసార్లు చదివి, "అంతా బాగుంది నాయనా, ఇందులో ఆయన చేసిన పని ఎక్కడుంది?" అని అడిగారు. నాకు సమాధానం దొరకలేదు. అప్పటికి గడువు రెండు రోజులే ఉండటంతో దాన్ని అలాగే పంపవలసి వచ్చింది. ఆ ఇమాంసాహెబ్ పనికి తగిన కాగితం నేను రాయలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

అందుచేత రాత కంటే ముందు సేకరణ మొదలు కావాలి, దానికి కనీసం రెండు మూడు నెలలు పెట్టుకోవాలి. ఇక్కడ ఎదురయ్యే మొదటి అడ్డంకి ఆ గురువుగారే. "నేనేం చేశాను నాయనా, అంతా ఆయన దయ" అని పైకి చేయి చూపిస్తారు. ఆ వినయం నిజమైనదే కాబట్టి వారితో వాదించకూడదు, వారి ఇంట్లోవారిని అడగాలి. కోవూరు వైపు పెన్న ఒడ్డున ఉన్న ఒక చిన్న గుడి అర్చకస్వామి విషయంలో ఇదే జరిగింది. తాను ఏమీ రాసిపెట్టుకోలేదని ఆయన గట్టిగా చెప్పారు. లోపలినుంచి అమ్మగారు ఒక రేకుపెట్టె తెచ్చి వరండాలో పెట్టారు. అందులో పాత పంచాంగాలు, ఏడాదికొకటి, నూలుదారంతో కట్టి ఉన్నాయి. ప్రతి పంచాంగంలోనూ తిథుల పక్కన అంచుల్లో పెన్సిలుతో చిన్న చిన్న అక్షరాలు. ఎవరి బిడ్డకు ఫీజు కట్టారో, ఎవరిని నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయారో, ఎవరి పెళ్ళికి సంభావన తీసుకోలేదో అన్నీ ఉన్నాయి. ప్లవ నామ సంవత్సరం కార్తీక బహుళ పాడ్యమి పక్కన ఇలా రాసి ఉంది: "ఏరు వచ్చింది. మండపంలో 62 మంది. బియ్యం ఒకటిన్నర బస్తా." అది 2021 నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయిన రోజుల్లో రాసినది. ఎవరో చూస్తారని రాసిన లెక్క కాదది. అంతకంటే బలమైన సాక్ష్యం నేను మళ్ళీ చూడలేదు.

ప్రతి ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉండకపోవచ్చు గాని, ప్రతిచోటా ఏదో ఒక ఆనవాలు ఉంటుంది. మసీదు కమిటీ జమాఖర్చుల పుస్తకం, చర్చి వార్షిక నివేదికలు, అన్నదానం రసీదు పుస్తకాలు, పాత పత్రికల జిల్లా పేజీ కత్తిరింపులు, బడిలో హాజరు పట్టీలు, రక్తదాన శిబిరాల పత్రాలు, ఫోటోల వెనక రాసిన తేదీలు, వీటన్నిటినీ ఫోనుతో ఫోటో తీసి సంవత్సరాలవారీగా పెట్టుకోవాలి. అసలు కాగితాలను మీ ఇంటికి తీసుకుపోవద్దు, అవి వారి దగ్గరే ఉండాలి.

తరువాత సాక్షులు. సర్పంచి, ఎమ్మెల్యేల సిఫారసు లేఖలకోసం జనం నెలల తరబడి తిరుగుతారు, అవి ఉంటే మంచిదే. కాని మేలు పొందిన మనిషి తన మాటల్లో చెప్పిన అరపేజీకి ఉన్న విలువ వాటికి లేదు. పాస్టరుగారి సాయంకాలపు బడిలో చదివి ఇప్పుడు నర్సుగా పనిచేస్తున్న అమ్మాయి, ఇమాంసాహెబ్ చేతుల మీదుగా తండ్రి అంత్యక్రియలు జరిగిన కొడుకు, వరద రాత్రి మండపంలో పడుకున్న ముసలమ్మ, వీళ్ళను కలిసి చెప్పించుకోవాలి. రాయలేనివారు చెబితే మీరు రాసి, వారికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. స్థానిక బడి ప్రధానోపాధ్యాయుడు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు వంటివారి లేఖ ఒకటి ఉంటే, ఆ పని బయటివారు కూడా చూశారని తెలుస్తుంది.

సాక్షుల్లో వేరే మతంవారు ఉండటం చాలా అవసరం. మన ప్రాంతంలో ఇది కష్టం కాదు. నెల్లూరు స్వర్ణాల చెరువులో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగనాడు ఎవరి రొట్టె ఎవరు పట్టుకుంటున్నారో మతం అడిగి చూసేవాళ్ళు లేరు. కసుమూరు దర్గాకూ ఏ.ఎస్. పేట దర్గాకూ హిందువుల కుటుంబాలు మొక్కులు తీర్చుకోవడానికి వెళ్ళడం మనకు మామూలు. మామూలు కాబట్టే దాన్ని ఎవరూ రాసిపెట్టరు. ఢిల్లీలో ఆ కాగితం చదివేవారికి మాత్రం అది మామూలు విషయం కాదు. కాబట్టి మసీదువారి నీళ్ళ ట్యాంకరు మాలపల్లెకూ కోమటి వీధికీ కూడా వెళ్ళిందన్న సంగతిని, ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని ట్రిప్పులు అన్న లెక్కతో సహా తప్పక రాయాలి.

ఇంకో సంగతి సేకరణ దశలోనే చూసుకోవాలి. పరిశీలనకు వచ్చిన పేర్ల మీద ప్రభుత్వం తన సంస్థల ద్వారా నడవడిక, పూర్వాపరాల విచారణ జరిపిస్తుంది. గురువుగారి పేరుతో ట్రస్టు ఉంటే దాని ఆడిట్ లెక్కలు సరిగా ఉన్నాయా, విదేశీ విరాళాలు వస్తుంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, దేవాలయ భూమి మీదో వక్ఫ్ భూమి మీదో కోర్టు తగాదా నడుస్తోందా అన్నవి ముందే అడిగి తెలుసుకోవాలి. మొహమాటపడి అడగకపోతే, తరువాత ఆ పెద్దమనిషికే ఇబ్బంది కలుగుతుంది. అంతకంటే ముందు, ఆయనకు పురస్కారం స్వీకరించడం ఇష్టమో కాదో అడగండి. సన్మానాలు పుచ్చుకోనని నియమం పెట్టుకున్నవారు మఠాల్లోనూ చర్చిల్లోనూ ఉన్నారు, వారి నియమాన్ని గౌరవించి ఆగిపోవాలి.

ఇప్పుడు రాత. పద్మ నామినేషన్‌లో ఆ వ్యక్తి విశిష్ట కృషిని వివరించే వ్యాసం 800 మాటలకు మించకూడదు. ముందు తెలుగులో రాసుకోండి, ఎందుకంటే సేకరించిన సంగతులన్నీ మీకు తెలుగులోనే ఉన్నాయి. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మాటల సంఖ్య పెరుగుతుంది కాబట్టి తెలుగు ప్రతి 500 మాటల దగ్గర ఆపుకోవడం మంచిది. ఆ మార్పును మీ ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే మాస్టారుతో చేయించండి. ఫోనులో దొరికే అనువాదాన్ని నమ్ముకుంటే "మట్టి ఇవ్వడం" వంటి మాటలు తలకిందులవుతాయి.

వాక్యం ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చెబుతాను. "స్వామివారు పేద విద్యార్థుల పాలిట కల్పవృక్షంగా నిలిచి ఎందరికో విద్యాదానం చేశారు" అని రాయవద్దు. "2004 నుంచి ప్రతి సంవత్సరం జూన్ నెలలో తనకు వచ్చే సంభావనల నుంచి మూడు గ్రామాల పిల్లలకు పుస్తకాలు కొనిచ్చారు, వారిలో ఇప్పటికి ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు పశువైద్యుడు అయ్యారు" అని రాయాలి. మొదటి వాక్యం ఏ స్వామికైనా సరిపోతుంది, రెండోది ఆయనకు ఒక్కరికే సరిపోతుంది. ప్రతి వాక్యాన్నీ ఈ పరీక్షకు పెట్టి, ఎవరికైనా సరిపోయే వాక్యాన్ని కొట్టేయండి. అలాగని లెక్కను పెంచవద్దు. 62 మందిని 600 చేస్తే విచారణకు వచ్చినవారు ఆ ఒక్క అంకె దగ్గరే నమ్మకం కోల్పోతారు. గురువుగారి మహిమలు, స్వప్నాలు, భక్తుల అనుభవాలు ఎంత పవిత్రమైనవైనా ఈ కాగితంలోకి తేకూడదు. అతి పెద్ద పనిని మొదటి పేరాలోనే చెప్పాలి. పుట్టిన ఊరు, గురుపరంపర, పూర్వీకుల ప్రస్తావన రెండు వాక్యాల్లో ముగించాలి. ఆ పనికి ముందు పరిస్థితి ఎలా ఉండేది, ఆ తరువాత ఏమి మారింది అన్నది తప్పనిసరిగా కనిపించాలి. దర్శి, పొదిలి వైపు ఫ్లోరైడు నీళ్ళ బాధ తెలిసినవారికి ఒక గుడి ఆవరణలో పెట్టిన నీటిశుద్ధి యంత్రం విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ బాధ తెలియని పాఠకుడికి మాత్రం ఒక వాక్యంలో చెప్పాలి.

పంపే పని సులువైనదే. కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్, అంటే అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్ ద్వారా మాత్రమే పద్మ నామినేషన్లు తీసుకుంటారు. నామినేట్ చేసేవారు ఆధార్, ఫోను నంబరుతో నమోదు చేసుకొని, పురస్కారం, విభాగం ఎంచుకొని, ఆయన వివరాలు, వ్యాసం నింపి సమర్పించాలి. ఎవరైనా పౌరుడు నామినేట్ చేయవచ్చు, తన పేరు తానే పంపుకోవడానికి కూడా వీలుంది. గడువు ఏటా ఒకేలా ఉండదు: 2025 పురస్కారాలకు 2024 మే 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, 2026 పురస్కారాలకు 2025 మార్చి 15 నుంచే తీసుకున్నారు. కాబట్టి ఉగాది దాటగానే పోర్టల్ చూస్తూ ఉండాలి. చివరిరోజు నెట్ సెంటరుకు పరుగెత్తే పని పెట్టుకోవద్దు. రాష్ట్ర ప్రభుత్వం కూడా తన వంతుగా పేర్లు సిఫారసు చేస్తుంది కనుక, అదే వ్యాసం ప్రతిని, ఆధారాల నకళ్ళతో కలిపి నెల్లూరులోనో ఒంగోలులోనో కలెక్టరేట్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవడం మంచిది.

సేవ కంటే పాండిత్యం ప్రధానంగా ఉన్నవారికి వేరే దారి ఉంది. సంస్కృతం, అరబిక్, పర్షియన్ వంటి భాషల పండితులకు రాష్ట్రపతి ప్రశంసాపత్రం 1958 నుంచి ఉంది. అరవై ఏళ్ళు దాటిన వేదపండితులు, అరబిక్ బోధించే మౌలానాలు దీనికి తగినవారు. 30 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్న యువ పండితులకు మహర్షి బాదరాయణ వ్యాస సమ్మాన్ ఉంది. దీనికి తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం వంటి విద్యాసంస్థల ద్వారా వెళ్ళడం మేలు. ప్రాచీన తెలుగులో కృషి చేసినవారి విషయంలో నెల్లూరులోనే ఉన్న ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రంవారిని కలిసి సలహా తీసుకోవచ్చు. ఇక జిల్లా స్థాయిలో ఉగాది వేడుకల్లో పండితులకు, అర్చకులకు చేసే సత్కారం, ఆగస్టు 15న, జనవరి 26న ఇచ్చే ప్రశంసాపత్రాలు ఉన్నాయి. వీటికి నెల ముందే సంబంధిత శాఖ జిల్లా అధికారికి రెండు పేజీల వివరం ఇస్తే చాలు. చిన్నవని వీటిని వదిలేయవద్దు. ఆ ప్రశంసాపత్రాలు తరువాతి నామినేషన్‌కు ఆధారాలవుతాయి.

పంపిన తరువాత మౌనంగా ఉండాలి. ప్రధానమంత్రి ఏటా నియమించే కమిటీ, కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన పేర్లను పరిశీలిస్తుంది. ప్రధాని, రాష్ట్రపతి ఆమోదం తరువాత గణతంత్ర దినోత్సవం ముందురోజు జాబితా వస్తుంది. ఈలోపు పురస్కారం ఖాయమైందని ఫ్లెక్సీలు కట్టడం గురువుగారికి అవమానం తెచ్చిపెడుతుంది. ఢిల్లీలో తెలిసినవాళ్ళున్నారని, కొంత ఖర్చు పెడితే పని అవుతుందని చెప్పేవారు తప్పకుండా వస్తారు. ఈ పురస్కారానికి ఎక్కడా రుసుము లేదు, వారికి ఒక్క రూపాయి ఇవ్వవద్దు. ఊరూపేరూ తెలియని సంస్థలు డబ్బు తీసుకొని ఇచ్చే గౌరవ డాక్టరేట్లకూ దూరంగా ఉండండి. జీవితమంతా దక్షిణకు కూడా చేయి చాచని పాస్టరుగారి, పంతులుగారి పేరు ముందు కొనుక్కున్న డాక్టరు అన్న మాట చేర్చడం నాకు మనసును నొప్పించే విషయం.

పురస్కారం వస్తే దాన్ని పేరుకు ముందూ వెనకా వాడకూడదు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దుచేసింది, పద్మ పురస్కారాలు బిరుదులు కావని సుప్రీంకోర్టు 1995లో బాలాజీ రాఘవన్ కేసులో చెబుతూ ఈ సంగతి స్పష్టం చేసింది. కనుక గుడి ముఖద్వారం మీద, పెళ్ళి శుభలేఖల మీద పద్మశ్రీ అని పేరుకు తగిలించి అచ్చువేయించే ఉత్సాహాన్ని భక్తులు అదుపులో పెట్టుకోవాలి.

రాకపోతే మరుసటి ఏడాది మళ్ళీ పంపవచ్చు. ఆ ఏడాదిలో జరిగిన కొత్త పనిని చేర్చి, పాత వ్యాసంలో బలహీనంగా ఉన్న పేరాను తీసేసి పంపండి. అందుకోసం ఒక మందపాటి లాంగ్‌ నోటుబుక్కు కొని గుడిలోనో మసీదు కార్యాలయంలోనో చర్చి బీరువాలోనో పెట్టి, తేదీ, పని, మనుషుల సంఖ్య, ఖర్చు, చూసినవారి సంతకం అని గళ్ళు గీసి, చదువుకున్న కుర్రవాడు ఒకడికి అప్పగించండి. కోవూరు వైపు అర్చకస్వామికి మేము అలాంటి పుస్తకం ఒకటి ఇచ్చాము. ఆయన దాన్ని మనవరాలి చేతికిచ్చి, తాను మాత్రం ఈ ఏటి పంచాంగం అంచుల్లోనే రాసుకుంటున్నారు. ఆ అమ్మాయి నెలకొకసారి అందులోంచి చూసి పుస్తకంలోకి ఎక్కిస్తోంది.